మందు మనిషికా, కుర్చీకా?

మీరు చిన్నప్పుడు అక్షరాలు దిద్దుకున్న రాతిపలక బహుశా మా మార్కాపురంలో తయారైందే అయివుంటుంది. గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాలు ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. ఒకపక్క నల్లమల, మరోపక్క రాతినేల, మధ్యలో ఎండ. ఈ పడమటి ప్రాంతంలో ప్రభుత్వ వైద్యుడిగా చాలా ఏళ్ళు పనిచేశాను. ఇక్కడి జబ్బులు నాకు కంఠతా వచ్చుననుకునేవాణ్ణి. అలా అనుకోవడం ఎంత పొరపాటో ఒక కుర్చీ నాకు నేర్పింది. ఆ సంగతే ఇవాళ మీకు చెప్పబోతున్నాను.

కొన్నేళ్ళ క్రితం ఒక సీనియర్ అసిస్టెంటు నడుంనొప్పితో నా దగ్గరికి వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా, పీలగా ఉంటాడు. ఎక్స్‌రే తీయించాను. వయసుకు తగ్గ అరుగుదలే తప్ప విశేషమేమీ లేదు. మాత్రలు రాశాను, పదిరోజులు సెలవు పెట్టమన్నాను. తగ్గింది. మళ్ళీ నెలకు వచ్చాడు. ఈసారి నడుముతోపాటు మెడనొప్పి, తలనొప్పి. మళ్ళీ మాత్రలు, నడుముకు బెల్టు. మూడోసారి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఆదివారం ఈయనకు నొప్పి రాదు సారూ, సోమవారం వస్తాది. అదేం రోగమో మీరే చెప్పాల" అందామె.

నిజం చెబుతున్నాను, ఆ మాట వినగానే నాకు అనుమానం కలిగింది. పని తప్పించుకోవడానికి సెలవు చీటీ కోసం వస్తున్నాడేమో అనుకున్నాను. కొంచెం కటువుగానే మాట్లాడి పంపించాను. ఆయన ఏమీ అనలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఏదో కాగితం కోసం ఆయన పనిచేసే ఆఫీసుకే వెళ్ళాల్సి వచ్చింది. ఏ ఆఫీసన్నది ఇక్కడ అనవసరం. ఆయన సీటు చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. అల్లిక జారిపోయి బుట్టలా కుంగిన కుర్చీ. దాని ఒక కాలు పొట్టి, కింద మడిచిన కాగితాలు. ఆ కుర్చీలో కూర్చుంటే ఎదురుగా ఉన్న బల్ల దాదాపు ఆయన ఛాతీదాకా వస్తోంది. బల్లమీద ఫైళ్ళ గుట్ట. చోటు లేక కంప్యూటరును ఎడమచేతి పక్కన చిన్న స్టూలుమీద, మూడు పాత రిజిస్టర్ల మీద ఎత్తుగా పెట్టారు. ఆయన ఒళ్ళు ముందుకు, మెడ ఎడమకు, గడ్డం పైకి! కళ్ళజోడు రెండు పవర్లది కాబట్టి కిందిభాగంలోంచి చూడాలంటే తల వెనక్కి వంచక తప్పదు. ఇలా రోజుకు ఎనిమిది గంటలు.

నేనేం చేశానో చూశారా? మందు వేయవలసింది కుర్చీకి. నేను మనిషికి వేశాను. పైగా అతడిమీద అబద్ధాలకోరన్న నింద కూడా వేశాను.

కూర్చోవడం కూడా కష్టమేనా?

"ఆఫీసు ఉద్యోగానికేం, ఫ్యాను కింద కూర్చునే పని" అని మనవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లోనే వృత్తులవల్ల వచ్చే జబ్బులమీద పెద్ద గ్రంథం రాశాడు. అందులో గనిపనివాళ్ళ గురించి, దాని తర్వాతి కూర్పులో గుమాస్తాల గురించి కూడా చెప్పాడు. వారి బాధలకు మూడు కారణాలు చూపించాడు: కదలకుండా కూర్చోవడం, చేతిని ఒకే తీరుగా ఆడించడం, లెక్క తప్పుతుందేమోనని మనసు బిగబట్టుకుని ఉండటం. మూడువందల ఏళ్ళు దాటాయి. కలం పోయి కీబోర్డు వచ్చింది. కారణాలు మాత్రం అవే.

1953లో జెర్రీ మారిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు లండన్ బస్సుల ఉద్యోగుల మీద ఒక పరిశోధన ప్రచురించారు. రోజంతా కూర్చునే డ్రైవర్లకు, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకంటే గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. అంచేత కూర్చునే పని సుఖమైన పని అనే మాట మనం మరిచిపోవడం మంచిది.

కుర్చీకి కొలతలు తీసుకోండి

చొక్కా కుట్టించుకునేటప్పుడు దర్జీకి కొలతలిస్తాం. చెప్పులు కొనేటప్పుడు తొడిగి చూస్తాం. ఇరవై, ముప్ఫై ఏళ్ళు కూర్చోబోయే కుర్చీకి మాత్రం కొలత అడగం. ఐదడుగుల అమ్మాయికీ, ఆరడుగుల మనిషికీ ఒకే కుర్చీ.

పరీక్ష చాలా సులువు. కుర్చీలో వెనక్కి జరిగి కూర్చోండి. పాదాలు రెండూ నేలమీద పూర్తిగా ఆనుతున్నాయా? మోకాలి వెనుక భాగానికీ కుర్చీ అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ళు పడుతున్నాయా? నడుము వంపుకు వెనుక ఆసరా ఉందా? భుజాలు ఎత్తకుండా మోచేతులు బల్లమీద ఆనుతున్నాయా? నాలుగింటికీ "అవును" అంటే మీరు అదృష్టవంతులు.

మామూలు బల్ల ఎత్తు ముప్ఫై అంగుళాలు, కుర్చీ పద్ధెనిమిది. పొట్టివాళ్ళకు ఇది కుదరదు. బల్లకు తగ్గట్టు ఎత్తుగా కూర్చుంటే కాళ్ళు వేలాడతాయి, తొడల వెనుక ఒత్తిడి పడి తిమ్మిర్లెక్కుతాయి. కాళ్ళకు తగ్గట్టు కిందికి కూర్చుంటే భుజాలు చెవులదాకా లేస్తాయి. మార్గం ఒకటే. బల్లకు తగ్గ ఎత్తులో కూర్చుని, కాళ్ళకింద పీట పెట్టుకోవాలి.

మా సీనియర్ అసిస్టెంటు విషయంలో మొదట బల్లకాళ్ళు రెండంగుళాలు కోయిద్దామనుకున్నాం. అది ప్రభుత్వ ఆస్తి, కోయాలంటే పై నుంచి కాగితం రావాలట! అదెప్పుడు వచ్చేను? వేరే కుర్చీ వెదికి అల్లిక బిగించి వేయించారు. దానిపైన గట్టి దూది దిండు. కాళ్ళకింద మా ఊరి పలకరాయి మందపాటిది ఒకటి. ఊళ్ళో రాయికి కరువా! కంప్యూటరును ఎదురుగా, చేతికందే దూరంలో పెట్టించి, కింద ఉన్న మూడు రిజిస్టర్లూ తీసేయించాను. మామూలుగా తెర పై అంచు కంటికి సమానంగా ఉండాలని చెబుతారు. రెండు పవర్ల కళ్ళజోడున్నవారికి అంతకంటే కొంచెం కిందికి ఉండాలి. లేకపోతే మెడ పట్టేస్తుంది. మొత్తం ఖర్చు నేను రాసిన మాత్రలకంటే తక్కువే.

ఎంత మంచి కుర్చీ అయినా అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. ఫైలు అటెండరుచేత తెప్పించుకోకుండా మీరే లేచి తెచ్చుకోండి. ఇరవై నిమిషాలకొకసారి తెరమీదనుంచి చూపు తిప్పి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడండి. వెలుతురు పక్కనుంచి పడాలి. కిటికీ ఎదురుగా ఉంటే కళ్ళు మిటకరించాలి, వెనుక ఉంటే తెరమీద మెరుపు పడుతుంది.

ఇహ నిలబడి పనిచేసేవాళ్ళ సంగతి. బట్టలషాపు అమ్మాయిలు, మందులిచ్చే ఫార్మసిస్టులు, నర్సులు. వీళ్ళకు కాళ్ళనరాలు ఉబ్బడం, మడమనొప్పి మామూలు. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల చట్టాలు సవరించి, పనివాళ్ళు కూర్చునే ఏర్పాటు ఉండాలని రాశారు. చట్టం సంగతి అటుంచండి. బేరం లేనప్పుడు పిల్ల స్టూలుమీద కూర్చుంటే యజమానికి పోయేదేముంది?

ఎండ, గాలి, దుమ్ము

మే నెలలో మా పడమటి ప్రాంతంలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆఫీసరు గదికి ఏసీ ఉంటుంది. ఇరవైమంది కూర్చునే హాలుకు పైన సిమెంటు కప్పు, నాలుగు ఫ్యాన్లు. గాలి 40 డిగ్రీలు దాటితే ఒట్టి ఫ్యాను మేలు చేయకపోగా వేడిగాలిని ఒంటికి తోస్తుంది. తడిబట్టతో ముఖం, మెడ, చేతులు తుడుచుకుంటూ ఉంటేనే ఒళ్ళు చల్లబడుతుంది.

ఎండాకాలం రాకముందే కప్పుమీద తెల్ల సున్నం పూయించండి. పడమటి కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కట్టించండి. మా దగ్గర గాలి పొడి కాబట్టి నీళ్ళకూలర్లు బాగా పనిచేస్తాయి, కాని ఒక కిటికీ తెరిచి ఉంచాలి. కూలరులో నీళ్ళు వారానికొకసారి పారబోసి కడగాలి. లేకపోతే దోమలకు మనమే ఇల్లు కట్టించినట్టు. ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంటే గాలిద్వారా పాకే జబ్బులూ తగ్గుతాయి. 2020 తర్వాత ఈ మాట ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. ఎన్ని ఆఫీసుల్లో కిటికీలకు అడ్డంగా బీరువాలు నిలబెట్టారో ఒకసారి చూడండి.

పాతఫైళ్ళ దుమ్ము తుమ్ములూ ఉబ్బసమూ తెస్తుంది. పొడి చీపురుతో దులపకుండా తడిగుడ్డతో తుడవాలి. పలకల కార్ఖానాల్లో ఇంకో ప్రమాదం ఉంది. రాయికోసే యంత్రం పక్కనే లెక్కలు రాసే గుమాస్తా బల్ల వేస్తారు. రాతిదుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానివెంట క్షయ కూడా వచ్చే అవకాశం ఎక్కువ. రాతిని నీళ్ళు పోస్తూ కోయాలి. లెక్కల గదిని యంత్రానికి దూరంగా, గాలి వచ్చే దిక్కున పెట్టాలి. కోసే మనుషులకు రక్షణ లేకుండా గుమాస్తా ఒక్కడికీ తలుపు బిగిస్తే అది వైద్యమనిపించుకోదు.

తాళం వేసిన తలుపు

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి నాకు కష్టంగా ఉంది.

ఒకరోజు సాయంత్రం ఏడోనెల గర్భిణిని చలిజ్వరంతో తీసుకొచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది, నడుము ఒకపక్క నొప్పి. మూత్రంలో చీము. ఇన్‌ఫెక్షన్ మూత్రపిండాలదాకా పాకింది. అప్పటికే నొప్పులు మొదలవుతున్నాయి. చదువుకున్న పిల్ల, ఒక ఆఫీసులో ఉద్యోగం. రోజూ బస్సులో వచ్చిపోతుంది.

"నీళ్ళు బాగా తాగుతున్నావా అమ్మా?" అని అడిగాను.

"పొద్దున ఇంట్లో బయల్దేరినాక తాగను సారూ. మళ్ళా ఇంటికి పోయినాకే."

"ఎందుకమ్మా?"

తలవంచుకుంది. పక్కనున్న వాళ్ళత్త అందుకుంది. "ఆడ బాత్రూముకు తాళమేసినారంట సారూ. లోపల పాతకాగితాలు పెట్టినారంట. ఆడోళ్ళు ఎవుర్ని అడుగుతారు?"

గర్భిణులకు మూత్రనాళాలు కొంచెం వదులై మూత్రం నిలవవుతుంది. ఆ సమయంలో నీళ్ళు తాగకపోవడం, గంటలతరబడి బిగబట్టుకోవడం ఇన్‌ఫెక్షన్‌కు దారి తీస్తాయి. అది ముదిరితే నెలలు నిండకుండా కాన్పు కావచ్చు. ఆ రాత్రే సెలైను, ఇంజెక్షన్లు పెట్టి పెద్దాసుపత్రికి పంపాం. నొప్పులు ఆగాయి. ఆ తర్వాత ఎనిమిదో నెలాఖరున కాన్పయింది. బిడ్డ బరువు తక్కువ, కొన్నాళ్ళు అద్దాలపెట్టెలో ఉంచారు. తల్లీబిడ్డా క్షేమం.

ఆ ఆఫీసువాళ్ళమీద నాకు పట్టరాని కోపం వచ్చింది. మర్నాడు మా సిస్టరమ్మతో అదే అన్నాను. ఆమె ఓర్పుగా విని, "మన దగ్గర మాత్రం ఉందా సార్?" అంది.

నాకు నోటమాట రాలేదు. నేను అధికారిగా ఉన్న ఆ ఆసుపత్రిలో సిబ్బంది మరుగుదొడ్డిలో విరిగిన మంచాలు పెట్టించింది ఎవరనుకున్నారు? నేనే. స్టోరుగది చాలక "కొద్దిరోజులు" అన్నాను. నాలుగేళ్ళయింది. నా గదికి వేరే బాత్రూము ఉంది కాబట్టి నాకు గుర్తు లేదు. నర్సులు, ఆయాలు రోగుల దొడ్డికే వెళ్ళేవారు, లేదా వెళ్ళేవారు కాదు. మధ్యాహ్నంపూట వాళ్ళలో ఇద్దరు ముగ్గురు తలనొప్పని మాత్ర అడిగేవారు. నేను ఇచ్చేవాణ్ణి!

ఆ మంచాలు అదేరోజు తీయించాను. తలుపుకు లోపల గడియ, బకెట్టు, మగ్గు, కొళాయి, మూతున్న చెత్తడబ్బా. రెండు రోజుల పని. నాలుగేళ్ళు పట్టింది.

ఆఫీసు పెట్టేవారికి నా మాట ఒకటే. సోఫాలు, కర్టెన్లు తర్వాత. ముందు ఆడవాళ్ళకు వేరే మరుగుదొడ్డి, అందులో నీళ్ళు. తాళంచెవి ఆఫీసరు సొరుగులో ఉంటే అది లేనట్టే లెక్క.

తాగేనీళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఫ్లోరైడు జబ్బు మనుషుల్లో కనిపించిందని మనదేశంలో తొలిసారి 1937లో వైద్యపత్రికకెక్కింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నీళ్ళు కాస్తే క్రిములు చస్తాయిగాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అంచేత ఆఫీసు బోరునీటిని పరీక్ష చేయించకుండా కుండలో పోయకండి. మంచినీళ్ళు తెప్పించి, మూత ఉన్న కుండలో పోసి, అందరికీ అందేచోట పెట్టండి. ఎండాకాలంలో రెండున్నర, మూడు లీటర్లు తాగాలి. మూత్రం లేత రంగులో ఉంటే చాలినంత తాగుతున్నట్టు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం ఎంత తాగాలో తమ డాక్టరునడిగి తెలుసుకోవాలి.

అడిగితే చెబుతారు

ఆ సంఘటన తర్వాత మా సిబ్బందిని ఒక్కొక్కరినీ పిలిచి ఒకే ప్రశ్న వేశాను. "ఇక్కడ పనిచేసేటప్పుడు మీకు ఏది ఇబ్బందిగా ఉంది?" పెద్ద పెద్ద కోరికలు కోరతారేమోనని భయపడ్డాను. ఫార్మసిస్టు, తాను కిటికీలోంచి వంగి మాట్లాడాల్సి వస్తోందని, కిటికీ ఆరంగుళాలు ఎత్తితే చాలునని అన్నాడు. ల్యాబ్ అమ్మాయి బల్లను వెలుతురువైపు తిప్పుకుంటానంది. సిస్టరమ్మ స్టూలు అడిగింది. ఊడ్చే ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "కూసోని నాలుగు ముద్దలు తినేదానికి యాడన్నా చోటుంటే బాగుండు సారూ" అంది. ఇన్నేళ్ళూ ఆమె మెట్లకింద కూర్చుని తినేదట.

వెనుక వరండాలో, వేపచెట్టు నీడ పడేచోట, రెండు నాపరాతి బండలతో అరుగు కట్టించాం. పక్కనే చేతులు కడుక్కునే కొళాయి. బల్లలు ఎవరికి అనువుగా వాళ్ళు జరుపుకున్నారు. ఆ వారంలో ఆసుపత్రిలో మాటలు, నవ్వులు వినిపించాయి.

తర్వాత ఇంకో తప్పు చేశాను. తనిఖీ ఉందని తెలిసి, బల్లలన్నీ మళ్ళీ వరుసగా పెట్టించాను. వచ్చినవారు పది నిమిషాలు చూసి వెళ్ళిపోయారు. మావాళ్ళు మాత్రం వారంరోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు. చివరికి "మీ బల్లలు మీ ఇష్టం" అని నేనే చెప్పాల్సి వచ్చింది. ఇంగ్లండులో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఇదే తేలింది. తమ చోటును తామే సర్దుకున్నవారు అందరికంటే బాగా పనిచేశారు. సర్దుకున్నదాన్ని పైవారు వచ్చి మార్చేసినప్పుడు ఆ ఉత్సాహం కాస్తా పోయింది. మన ఇళ్ళలో కోడలు సర్దుకున్న వంటగదిని అత్తగారు మళ్ళీ మారిస్తే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా?

ఒక హెచ్చరిక. నడుంనొప్పులన్నీ కుర్చీవల్లే వస్తాయనుకోకండి. నొప్పితోపాటు కాలు బలహీనపడినా, కూర్చునేభాగంలో స్పర్శ తెలియకపోయినా, మలమూత్రాలమీద అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు నిద్రలేపే నొప్పి ఉన్నా ఆలస్యం చేయకండి. అలాగే, రోజూ నలుగురిలో తిట్టే అధికారి ఉన్నచోట ఎంత మంచి కుర్చీ వేసినా తలనొప్పి తగ్గదు.

మా సీనియర్ అసిస్టెంటు సంగతంటారా? ఆయనకు క్షమాపణ చెప్పాను. "పెద్దమాటలు ఎందుకు సారూ" అన్నాడు. నొప్పి పూర్తిగా పోలేదు, వయసుందిగదా. కాని మాత్ర లేకుండా వారం గడుస్తోందట. ఆయన బదిలీ అయినప్పుడు ఆ సీటులోకి ఒక కొత్తమ్మాయి వచ్చింది. వెళ్ళేముందు తన కుర్చీ, కాళ్ళకింద రాయి ఆ అమ్మాయికే అప్పజెప్పి, "నీ కొలత వేరమ్మా, సరిపోతాదో లేదో కూసోని చూసుకో" అని చెప్పాడట.

మీరూ రేపు ఆఫీసుకు వెళ్ళగానే కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుని పాదాలు నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకోండి. మీరు నలుగురికి అధికారి అయితే, ఆ తర్వాత లేచి మరుగుదొడ్డి తలుపుకు తాళం ఉందేమో చూసి రండి. ఇంట్లో పిల్లలు చదువుకునే బల్లను కూడా ఒకసారి కొలవండి. పిల్లలు ఏటా ఎదుగుతారు, బల్ల మాత్రం ఎదగదు.